దాపట

నూట ఇరవై నిమిషాలు ఆడాక కూడా
ఒకటీ ఒకటి.
సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది.
సున్నపు గీతలు సగం మా మేజోళ్లకే అంటుకున్నాయి.
పరీక్షలైపోయాయి, హాస్టళ్లు ఖాళీ,
ఈ ఏటికి ఇదే ఆఖరు ఆట.
గ్యాలరీలో మావాళ్లు ఓ రెండొందల మంది,
వాళ్ల వైపు బస్సు డ్రైవరూ, క్లీనరూ,
అరటిగెల పక్కన కూర్చున్న పీడీ సారూ.

అనంతపురం అవతల నుంచి వచ్చిన జట్టు.
పొద్దున్నించీ మైదానమంతా వాళ్ల తెలుగే:
"ఒరే ఓబులేసూ, ఎనక మనిషి!"
"ఇయ్యిరా, ఇయ్యి, యాడ సూస్తాండావ్!"
మమ్మల్ని గోడలనుకుని మాట్లాడుకున్నారు.
గోడలకి చెవులుంటాయని వాళ్లకీ తెలుసు,
ఈ గోడది వ్యాసార్పాడి అనీ
దీనికి ఇంట్లో అమ్మ తెలుగులోనే అన్నం పెడుతుందనీ
తెలీదు.

నేనూ చెప్పలేదు.
బళ్లో చెప్పలేదు, కాలేజీలో చెప్పలేదు.
మా వీధి దాటితే నా తెలుగు
చొక్కా లోపలి బనీను.
మాటొచ్చు, అక్షరం రాదు.

పెనాల్టీలు. మావి ఐదూ అయిపోయాయి, నాలుగు పడ్డాయి.
వాళ్లవి నాలుగుకి నాలుగు.
ఇళంగో సార్ నా గ్లవ్స్ మీద నీళ్లు పోసి
తమిళంలో అన్నాడు, "బంతిని చూడు, వాణ్ణి చూడకు."

ఐదోది ఓబులేసుది.
వాడు వంగి బంతి సర్దుతుంటే
నడిగీత దగ్గర్నించి కెప్టెన్ తిప్పేస్వామి కేకేశాడు:
"దాపటికి! దాపటికి కొట్రా!"

ఎడమ అనలేదు. లెఫ్ట్ అనలేదు.
మడక పట్టినోళ్ల మాట అది,
ఆ గ్యాలరీలో ఎవరికీ అందదని వాడి ధీమా.

నాకందింది.
మా తాత చెంగయ్య
కార్పొరేషన్ చెత్తబండి తోలేవాడు, లారీలు రాకముందు.
రెండెద్దులు. వలపటిది సాధువు,
దాపటిది దారిన పోయే ప్రతి అరటి తొక్కకీ ఆగేది.
బండి పోయింది, ఎడ్లు పోయాయి,
మంచం మీద నన్ను జరగమనాలన్నా
"దాపటికి జరగరా" అనేవాడు చివరిదాకా.

రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకునేంత సేపు.
ఆలోపే ఎన్నో:
ఇది పక్కవాడి పేపర్లో చూసి రాయడమా?
నేను విన్నానా, నాకు వినబడిందా?
తాతుంటే ఏమనేవాడు?
ఏమీ అనడు. బీడీ వెలిగించుకునేవాడు.

విజిల్.
ఓబులేసు నాలుగడుగులు వెనక్కి, ఒక ఊపిరి.
దూకాను దాపటికి,
ఒళ్లంతా విసిరేసి, అనుమానమన్నది లేకుండా,
నా దాపటికి.

గాల్లో ఉండగానే తెలిసింది.

బండి మీద తాతా, కాడి కింద ఎడ్లూ
ఒక్కవైపే చూస్తారు.
వాడూ నేనూ
ఎదురెదురుగా నిలబడ్డాం.

వెనకాల వల చిన్న చప్పుడు చేసింది,
తడి తువ్వాలు దులిపినట్టు.

క్లీనర్ అరటిగెల భుజానేసుకుని మైదానంలోకి పరిగెత్తాడు.
మావాళ్లు మెట్లు దిగడం మొదలెట్టారు.
"పోనీ వదిలెయ్, అటో ఇటో ఎవరికి తెలుస్తుంది"
అన్నాడు ఇళంగో సార్.
నాకు తెలుసునని ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

వరసగా చేతులు కలుపుతుంటే
"వెల్ ప్లేడ్ బ్రదర్" అన్నాడు ఓబులేసు.
చెయ్యి వదల్లేదు నేను.
"ఎవరి దాపటో కూడా చెప్పాల్సింది గదరా."

వాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.
పక్కన తిప్పేస్వామి ముందు మెల్లగా నవ్వాడు,
తర్వాత ఆపుకోలేక గడ్డి మీద కూలబడ్డాడు.
"మనోడివా! ఏవూరు మీది?"
ఏ ఊరని చెప్పను?
ఉత్తరం వైపు, రైలు పట్టాల అవతలికి
గడ్డంతో చూపించాను.

ఓబులేసు గెలలోంచి ఓ పండు తుంచి ఇచ్చాడు.
వలపటి చేత్తో అందుకున్నాను.
దాపటి మోచెయ్యి దోక్కుపోయి
అప్పుడప్పుడే మండుతోంది.